కొండ మలుపులో దించిన సామాను

ఆ వసంతంలో మా పెదనాన్న ద్రహోష్, ఏటి ఒడ్డున ఉన్న మా వేసవి ఇంటి తలుపుకు తాళంచెవి పెట్టి తిప్పితే అది తిరగలేదు. చలికాలంలో తుప్పు పట్టిందనుకుని నూనె చుక్క వేశాడు. చెవిని ప్యాంటుకేసి రుద్దాడు. తలుపును భుజంతో కాస్త ఎత్తిపట్టి మళ్లీ తిప్పాడు. తాళమే మారిపోయిందన్న సంగతి ఆయనకు చాలాసేపటికి గాని తట్టలేదు. లోపం ఏదైనా ఉంటే ఇనుములో ఉంటుందనుకునే మనిషి. తమ్ముడిలో ఉంటుందనుకునే మనిషి కాదు.

ఆ తమ్ముడే మా నాన్న.

ఏటి ఇంటిని మా తాతయ్య పాత రైలుపెట్టె చెక్కలతో కట్టాడు. వేసవిలో ప్రతి శనివారం రెండు కుటుంబాలూ అక్కడే. తాతయ్య మంచాన పడ్డాక పక్కన కూర్చుని ఇంటిని తన పేరున రాయించుకున్న మా నాన్నకు తనదైన న్యాయం ఒకటుంది. "అన్నయ్యకు పెరడున్న ఇల్లుంది. నేను ఏడో అంతస్తులో అగ్గిపెట్టెలో ఉంటున్నా. నాకూ కాస్త పచ్చగడ్డి కావాలిగా?" అనేవాడు. ఆ రోజు పెదనాన్న తలుపుకు వేద్దామని ఆకుపచ్చ రంగు డబ్బా వెంట తెచ్చుకున్నాడు. దాన్ని గడప మీద పెట్టేసి వెళ్లిపోయాడు. మా నాన్న ఆ రంగునే తలుపుకు వేశాడు. మంచి రంగు. ఇప్పటికీ పెచ్చు లేవలేదు.

అప్పుడు నేను చిన్నవాణ్ని. ఆ తర్వాతి వేసవులన్నీ అక్కడ హాయిగా ఈత కొట్టాను. ఇరవై నాలుగేళ్లు వచ్చి, లైబ్రరీ పుస్తకాలు నాలుగు చదివి, అన్యాయమనే మాటకు అర్థం తెలిశాక మా నాన్నతో పోట్లాడి పెదనాన్న ఇంటి అటకగదికి మకాం మార్చాను. న్యాయం పక్షాన నిలబడ్డాననుకున్నాను. నిజం చెప్పాలంటే మా అమ్మ కంటే బ్లాజెనా పెద్దమ్మ బాగా వండుతుంది.

పగలు టైల్స్ ఫ్యాక్టరీలో టైల్స్‌ను అట్టపెట్టెల్లో సర్దేవాణ్ని. సాయంత్రం భోజనాల దగ్గర ఈ లోకానికి అర్థం లేదని చెప్పేవాణ్ని. "అవును నాయనా, ఇంకో గరిటె వెయ్యనా?" అనేది పెద్దమ్మ. వేయించుకునేవాణ్ని. పెదనాన్న నన్ను 'ప్రొఫెసర్' అని పిలిచేవాడు. స్కూలు చదువు పూర్తిచెయ్యని ప్రొఫెసర్‌ను మా ఊళ్లో నేనొక్కణ్నే.

ఏప్రిల్‌లో ఒకరోజు పెదనాన్న కారు వెనక క్యారవాన్ ఒకటి తగిలించుకుని వచ్చాడు. కారు లాక్కుపోయే రెండు చక్రాల గది అది. పక్క ఊరి వితంతువు ఒకావిడ దగ్గర కొన్నాడట. తలుపు తీయగానే లోపలి నుంచి ఓ కోడి దిగి, మమ్మల్ని చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

"కోళ్లగూడు కొన్నావా?" అంది పెద్దమ్మ.

"క్యారవాన్ కొన్నాను. కోళ్లు అద్దెకున్నాయి."

"మరి ఇదేంటి?"

"ఖాళీ చేయడం మర్చిపోయింది."

కంచె మీద మోచేతులానించి చూస్తున్న పొరుగాయన జ్బినెక్ రిటైరైన రైల్వే మనిషి. మేం ఎండలో చెమటోడ్చేటప్పుడు ఆయన కంచె దగ్గర హాజరు వేయించుకోని రోజు లేదు. "బావుంది ద్రహోష్, గుడ్లు కూడా దారిలోనే పెడతాయి," అన్నాడు.

పెదనాన్న నవ్వలేదు. జూలైలో సెలవులు మొదలవగానే పెద్దమ్మనీ, కూతురు రాద్కానీ, ఇద్దరు మనవల్నీ దీంట్లో క్రొయేషియా సముద్రానికి తీసుకెళ్తానని అక్కడే, కోడి ముందే ప్రకటించాడు.

మా చేతులు బంగారు చేతులని మా దేశంలో ప్రతి మగాడికీ ఓ నమ్మకం. తీగ ముక్కా శ్రావణమూ ఉంటే విమానాన్నైనా బాగుచేస్తామనుకుంటాం. పెదనాన్న ఆ నమ్మకంతో పైకప్పు మూలన ఉన్న అల్యూమినియం పట్టీని పీకాడు. కింద ప్లైవుడ్ పాలలో నానిన రొట్టెలా వేలికి వచ్చింది. ఏళ్ల తరబడి వాన ఆ మూల నుంచే దిగుతోంది. ఒక మూల కుళ్లిందని పీకితే పక్క మూల కూడా కుళ్లింది. అది పీకితే కిటికీ ఊడింది. మే నెల వచ్చేసరికి మా పెరట్లో చక్రాల మీద నిలబడ్డ కొన్ని కర్రలు మిగిలాయి.

నా వంతు సాయం కూడా ఉంది. నేను సుత్తి పట్టుకుంటే పెద్దమ్మ పిల్లిని లోపలికి పంపేది. మేకు కొట్టమంటే మేకు తప్ప మిగతావన్నీ తగిలేవి. అందుకని నాకు గీకే పని ఇచ్చారు. కోడిరెట్ట గీకడానికి ఏ తత్వశాస్త్రమూ అడ్డు రాదు. వెనిగర్‌తో కడిగాం, సోడాతో కడిగాం. ఎండెక్కితే చాలు, వాసన మళ్లీ లేచి కూర్చునేది.

"వాసన పోదు," అన్నాను నేను. "పదార్థం నశించదు."

"పదార్థం సంగతి సరే, ఆ బకెట్టు ఇలా తే," అన్నాడు పెదనాన్న.

ఓ ఆదివారం రాద్కా అక్క పిల్లలతో వచ్చింది. పక్క పట్నంలో నర్సు, భర్త వదిలేసి వెళ్లాడు, ఏడాది మొత్తమ్మీద ఆమెకు దొరికేది ఆ జూలై సెలవొక్కటే. పెరట్లో నిలబడ్డ కర్రల్ని చుట్టూ తిరిగి చూసింది.

"నాన్నా, జూలై మొదటి శనివారానికి ఇది కదులుతుందా?"

"ఎందుకు కదలదు?"

"కదలకపోతే చెప్పు. బాబాయి ఏటి ఇంటికి రమ్మన్నాడు. పడవ కొన్నాడట. పిల్లలు సెలవులన్నీ పెరట్లో నీ సుత్తి చప్పుడు వింటూ కూర్చోలేరు."

పెదనాన్న సుత్తి ఎత్తాడు. చేతిలో ఉన్న మేకును ఒకే దెబ్బకు వంచేశాడు. అంతవరకూ నా ఒక్కడి మేకులే వంగేవి.

ఆయనకు సముద్రం కావాలా అంటే, సముద్రాన్ని ఆయన ఎప్పుడూ అడగలేదు. తాళంచెవి తిరగని ఆ గడప మీదకి తన మనవలు పరిగెత్తుకుంటూ వెళ్లకూడదు. అంతే. ఇల్లు పోయింది సరే, పిల్లలు కూడా అటే పోతే ఇక మిగిలేదేమిటి?

ఆ రోజు నుంచి పని ఊపందుకుంది. కర్రలు మార్చాడు, కప్పు బిగించాడు, నీళ్ల పైపుతో వాన కురిపించి లోపల కూర్చున్నాడు. చుక్క పడలేదు. అక్కడితో ఆపేస్తే సరిపోయేది. కానీ లోపలి గోడలకు సన్నటి ప్లైవుడ్ సరిపోతుందని అందరూ అంటుంటే ఆయన వేలి మందం పైన్ చెక్కలు తెచ్చాడు. తర్వాత మూలకు సరిపడా బరువైన చెక్క బెంచీ. ఓ చిన్న పోత ఇనుము పొయ్యి. తలుపు పైన జింక కొమ్ములు. తలుపు ఎడమ పక్కన బారోమీటరు. కిటికీ కింద పెద్దమ్మ నీలిదారంతో కుట్టిన గోడగుడ్డ: 'పొయ్యి వెలిగిన చోటే పొరపొచ్చాలు ఆరుతాయి.'

"సముద్రం దగ్గర పొయ్యి ఎందుకు పెదనాన్నా? అక్కడ ఎండకే మనుషులు మాడిపోతారు."

"రాత్రిళ్లు చలేస్తే?"

"కొమ్ములెందుకు?"

"టోపీ ఎక్కడ తగిలిస్తావ్?"

బెంచీకి ఒక కాలు పొట్టిగా కోశాడు. తప్పు కోశాడనుకుని చెప్పబోయాను. ఆయన కాలి కింద పెట్టడానికి ఓ చెక్కముక్క కూడా విడిగా చెక్కుతుంటే నోరు మూసుకున్నాను. నేను ఈతకొట్టి వచ్చి తడి చెడ్డీతో కూర్చున్నది, ఊగుతుంటే తాతయ్య వంగి కింద చెక్కముక్క సర్దింది ఏటి ఇంట్లో ఇలాంటి బెంచీ మీదే. కొమ్ములూ పొయ్యీ బారోమీటరూ ఏటి ఇంట్లో ఎక్కడుంటాయో సరిగ్గా అక్కడే ఉన్నాయి.

వంటింట్లోకి పరిగెత్తాను. "పెద్దమ్మా! పెదనాన్న ఏం కడుతున్నాడో తెలుసా?"

ఆమె పిండి పిసుకుతోంది. తలెత్తలేదు. "మొదటి చెక్క కొట్టిన రోజే తెలుసు. పిల్లలకీ తెలుసు. జ్బినెక్‌కి కూడా తెలుసు. నీకిప్పుడు తెలిసిందా ప్రొఫెసర్?"

"మరి బరువో? ఎవరూ చెప్పరా?"

"నువ్వు చెప్పు. నీ దగ్గర పుస్తకాలున్నాయిగా."

నేను చెప్పలేదు. అందుకు బదులు క్యారవాన్లో బరువులు ఎలా సర్దాలో ఆలోచించి ఓ సిద్ధాంతం తయారుచేశాను.

బరువుల్లో పెద్దమ్మ వాటా కూడా తక్కువేం కాదు. మా వాళ్లు పరాయి దేశం వెళ్లేటప్పుడు అక్కడ నీళ్లు తప్ప మరేమీ దొరకవన్నట్టు సర్దుకుంటారు. జూన్ నెలంతా వంటింట్లో సీసాలు ఉడికాయి. కొవ్వులో ముంచిన మాంసపు ఉండలు, గులాష్ కూర, రొట్టెపొడిలో దొర్లించి వేయించిన పంది మాంసపు ముక్కలు, అన్నీ గాజు సీసాల్లో. బంగాళాదుంపల బస్తా. పిండి. ఊరబెట్టిన దోసకాయలు. బీరు పెట్టెలు. "అక్కడి వాళ్లు అన్నిట్లోనూ చేపే వేస్తారట," అని పెద్దమ్మ భయం.

శనివారం పొద్దున వీధి వీధంతా కంచెల దగ్గర నిలబడింది. నా సిద్ధాంతం ప్రకారం బరువైనవన్నీ వెనక పెట్టించాను. తక్కెడ లాగా, ముందు కారుంది గనుక. క్యారవాన్‌ను కారు కొక్కేనికి తగిలించగానే దాని ముక్కు పైకి లేచి కారు వెనక భాగాన్ని కూడా ఎత్తింది.

"మీ కారు మోకరిల్లింది. మంచిది, ప్రయాణానికి ముందు ప్రార్థన చేసుకోవాలి," అన్నాడు జ్బినెక్.

సీసాలన్నీ ముందుకు మార్చాం. ఈసారి కారు ముక్కెత్తి ఆకాశం వైపు చూసింది.

"ఇప్పుడు దేవుడు కూడా కనిపిస్తాడు."

"నీ నోరు పడ, ఒక చెయ్యి వెయ్యవయ్యా!" అంది పెద్దమ్మ. జ్బినెక్ చెయ్యి వేయలేదు, సలహా ఇచ్చాడు: బరువంతా చక్రాల మీదకి, మధ్యలోకి. అలా సర్దితే రెండూ చదునుగా నిలిచాయి. నా సిద్ధాంతాన్ని ఎవరూ మళ్లీ ఎత్తకపోవడం వాళ్ల మంచితనం.

కార్లో పెదనాన్న, పెద్దమ్మ, రాద్కా అక్క, ఇద్దరు పిల్లలు. నేను క్యారవాన్లో, సీసాలు దొర్లకుండా కాపలా. సరిహద్దు దగ్గర పిల్లల మధ్య ఇరుక్కోవాలన్నది ఏర్పాటు. కదిలే క్యారవాన్లో మనిషి ఉండకూడదు, పోలీసు చూస్తే జరిమానాయే. కానీ అప్పటికి నాకు చట్టం కంటే పైన్ చెక్కల బెంచీ మీద పడుకుని పుస్తకం చదవడంలో గౌరవం కనిపించింది. ఎండెక్కింది. కోళ్ల వాసన వచ్చి పక్కన కూర్చుంది.

ఊరు దాటాక కొండ ఉంది. సైకిళ్ల వాళ్లు దిగి నడిపించుకుపోయే కొండ. మేం సగం ఎక్కాం. ఆ తర్వాత వేగం తగ్గింది, ఇంకా తగ్గింది, కాలిన వాసన వచ్చింది. కోళ్ల వాసనను కమ్మేసిందంటే ఎంత ఘాటు వాసనో చూడండి. మలుపులో చిన్న ప్రార్థనామందిరం ముందు కాస్త చదునుంది. పెదనాన్న బండిని అక్కడికి ఎలాగో చేర్చి ఆపాడు.

అందరం దిగాం. కారు ముందు నుంచి పొగ. పెదనాన్న చక్రాల దగ్గర కూర్చున్నాడు.

"క్లచ్ పోయిందా?" అంది అక్క.

"పోలేదు. ఇంకో వంద అడుగులు ఎక్కిస్తే పోతుంది."

ఆ మలుపు నుంచి కిందకి చూస్తే ఏరు కనిపిస్తుంది. చెట్ల మధ్య ఏటి ఇంటి కప్పు కూడా కనిపిస్తుంది. పిల్లలు చూడనే చూశారు. "అమ్మా, పడవ!" అన్నాడు పెద్దవాడు.

అక్క మెల్లగా అంది: "నాన్నా. ఇది ఇక్కడే వదిలేద్దాం. కారొక్కటీ దిగువకు వెళ్తుంది. బాబాయి ఏమీ అనడు. పిల్లలకి నీళ్లే కదా కావాలి, ఏ నీళ్లైతేనేం?"

పెదనాన్న లేచాడు. పనిముట్ల పెట్టె తెరిచి స్క్రూడ్రైవర్ తీసుకుని లోపలికి వెళ్లాడు. ముందు కొమ్ములు బయటికొచ్చాయి. తర్వాత పొయ్యి, నేనూ ఆయనా మోశాం, నా వేలు నలిగింది, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత చెక్కలు, ఒక్కొక్కటే. నెలల తరబడి బిగించిన మరలన్నీ గంటలోపు ఊడదీశాడు. ఆఖరున బెంచీ. దాన్ని గడ్డి మీద దించి, ఊగుతుంటే, పొట్టి కాలి కింద చెక్కముక్క పెట్టాడు. అప్పుడు మాత్రం కాసేపు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"గోడగుడ్డ?" అన్నాను.

"అది గుడ్డేరా. ఎంత బరువుంటుంది?"

"బారోమీటరు?"

"నీకేం పని లేదా?" అన్నాడు. అది లోపలే ఉండిపోయింది.

"సీసాలు కూడా దించాలి," అంది అక్క.

"నన్ను దించండి," అంది పెద్దమ్మ. "సీసా ఒక్కటి రోడ్డు మీద వదలను. నెల్లాళ్లు వండాను."

"మరి కొండెక్కేదెలా?"

"తిందాం."

ఇల్లు విప్పి పరిచినట్టున్న ఆ గడ్డిలో, బెంచీ మీద కొందరూ పొయ్యి మీద కొందరూ కూర్చుని తిన్నాం. మాంసపు ఉండలు, వేయించిన ముక్కలు, దోసకాయలు. పిల్లలు వేళ్లు నాకుతూ పడవ సంగతి మర్చిపోయారు. నాలుగో సీసా దగ్గర అక్క నవ్వడం మొదలుపెట్టింది.

"అమ్మా, బరువెక్కడికీ పోలేదు. క్యారవాన్లోంచి దిగి కారెక్కుతోంది!"

పెదనాన్న కూడా నవ్వాడు. నోట్లో ముక్కుంది గనుక దగ్గాడు. ఏప్రిల్ నుంచి ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను.

అంతా అయ్యాక ఆయన చక్రాలు చూశాడు, కొండ చూశాడు. "ఇంకొంచెం తగ్గాలి," అన్నాడు. ఇంకా దించడానికి ఏముందా అని అందరూ వెతికారు. వెతికి వెతికి, ఒకరి తర్వాత ఒకరు నా వైపు తిరిగారు.

నేను తత్వం చదువుకున్నవాణ్ని. నన్ను నేనే దించుకున్నాను.

క్యారవాన్ కదిలింది. నిట్టూరుస్తూ, పొగ వదులుతూ మలుపు తిరిగింది. పిల్లలు పక్క కిటికీల్లోంచి చేతులూపారు. నేను జింక కొమ్ములు ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. దారినపోయే కార్లవాళ్లు నెమ్మదించి, నన్నూ పొయ్యినీ చూసి, వేగం పెంచేవాళ్లు.

ఆ సామాను ఇంటికి చేర్చాలంటే వ్యాను కావాలి. నాకు తెలిసి వ్యానున్న మనిషి ఒక్కడే, ప్లంబింగ్ పనిచేసే మా నాన్న. అతనితో ఈ జన్మకు మాట్లాడనని ఏడాది కింద ఒట్టేశాను. గంటసేపు ఆత్మగౌరవం గురించి ఆలోచించి, వాన మబ్బు కనిపించగానే ఫోన్ చేశాను.

నాన్న వచ్చాడు. వ్యాను దిగి నా పలకరింపు కోసం కూడా చూడలేదు. పొయ్యి చూశాడు. కొమ్ములు చూశాడు. చెక్కల కట్ట చుట్టూ తిరిగాడు.

"ఎవరిదిదంతా?"

"పెదనాన్నది. క్యారవాన్లో కట్టాడు. కొండెక్కలేదు."

"బారోమీటరు పెట్టలేదా?"

"పెట్టాడు. ఇంకోటి కొన్నాడు. అది మాత్రం తీసుకెళ్లాడు."

నాన్న బెంచీ మీద కూర్చున్నాడు. గడ్డిలో చెక్కముక్క పక్కకి జారినట్టుంది, బెంచీ ఊగింది. ఆయన కిందకి చూడకుండానే చెయ్యి చాచి, తడిమి, ముక్కను కాలి కిందకి నెట్టాడు. తర్వాత ఆ చెయ్యి అక్కడే ఉంచి వంగి కూర్చుండిపోయాడు. నేను అన్యాయం గురించి సిద్ధం చేసుకున్న ఉపన్యాసం ఒకటి ఉంది. ఏడాది పాటు మెరుగులు దిద్దాను. అప్పుడు మొదలుపెడదామంటే వాన మొదలైంది.

"ఎక్కించు," అన్నాడు. వాన పెరిగేలోపు చేరగలిగింది ఏటి ఇల్లొక్కటే. అక్కడికే తీసుకెళ్లాం.

పెదనాన్న వాళ్లు సముద్రం చేరారు. రెండు వారాలున్నారు. ఖాళీ సీసాలు ఒక్కటీ పారేయకుండా తిరిగొచ్చారు. ఎండకు చర్మం ఊడిన ముక్కులతో పిల్లలు నాకు చెప్పింది సముద్రం సంగతి కాదు: క్యారవాన్లో మధ్యాహ్నం పడుకుంటే కోళ్ల కల వస్తుందట. వచ్చే ఏడు కూడా పోవాలట.

ఆ శరదృతువులో నేను ఫ్యాక్టరీ మానేసి బ్ర్నో నగరానికి బయల్దేరాను. అక్కడ పుస్తకాల గోదాములో ఉద్యోగం. పెట్టెల్లో టైల్స్ బదులు పుస్తకాలు సర్దడం. ఎదుగుదల అంటే ఇదే అని నాకు నేను చెప్పుకున్నాను. వెళ్లే ముందు నాన్న నన్ను పిలిచి ఓ మాట చెప్పాడు. దాన్ని మోసుకుని పెదనాన్న దగ్గరికి వెళ్లాను.

ఆయన క్యారవాన్‌కు చలికాలపు టార్పాలిన్ కప్పుతున్నాడు. ఒక కొస నాకిచ్చాడు. గాలికి అది నా చేతిలోంచి జారిపోతే మళ్లీ ఇచ్చాడు.

"నాన్న చెప్పమన్నాడు పెదనాన్నా. ఆ బెంచీ, పొయ్యి అడ్డంగా ఉన్నాయట. అన్నీ రెండేసి అయ్యాయట. ఇంట్లో తిరగడానికి చోటు లేదట. నిన్నొచ్చి పట్టుకెళ్లమన్నాడు." మిగతాది కూడా చెప్పాను. "తలుపు తీసే ఉంటుందన్నాడు."

పెదనాన్న తాడు ముడి వేశాడు. లాగి చూశాడు. మళ్లీ విప్పి గట్టిగా వేశాడు.

"బెంచీ అక్కడే ఉండనీ," అన్నాడు. "పొయ్యి కూడా. వాణ్ని మాతో సముద్రానికి రమ్మను, జూలైలో. ఏమీ తేవద్దని చెప్పు, ఉత్త చేతుల్తో రమ్మను. ఆ కొండ దగ్గర మళ్లీ ఎవరినైనా దించాల్సొస్తే, ఈసారి నిన్ను కాదురా ప్రొఫెసర్, వాణ్ని దించుతా."